దమ్ము లెక్క

రాత్రి మూడుగొట్టంగ లేచి కూసునుడు
ఆరేండ్ల సంది అలవాటు.
మెత్త మీద మెత్త, ముందుకు వంగి నేను,
గొంతుల పిల్లికూతలు.
కొత్తవాడల సగం మందికి దగ్గుంటది, ఎవలు పట్టించుకుంటరు.

నూలుదుమ్మన్నరు.
జంపఖానాలకు యాభై ఏండ్లు కండెలు చుట్టినదాన్ని,
దుమ్ము నన్నెరుగదా?
గల్లీ డాక్టరు సూదేసి వయసు మీదపడ్డదన్నడు.
ఇంకొకాయన గుండె అన్నడు, పట్టీలంటించి గీతలు తీసిండు.
గీతలు మంచిగనే ఉన్నయి.
మృగశిర నాడు పట్నం పోయి చేప సుత మింగొచ్చిన.

ఎవ్వరూ ఊదుమనలే.

పెద్దదవాఖానల సంహిత అనే పిల్ల
ముక్కుకు క్లిప్పు వెట్టి నోట్లె గొట్టమిచ్చి
"ఊదు అవ్వా, ఊదూదూదూ, ఇంకా ఇంకా" అని
కల్లంల ఎడ్లను అదిలించినట్టు ఒర్రింది.
పండ్లసెట్టు ఊడొచ్చె. కొంగుల మూటగట్టి మల్ల ఊదిన.
మందు పీల్పిచ్చి పావుగంట కూసోబెట్టింది.
రెండోపారి ఊదితే
కంప్యూటర్ల గీత లేచింది,
మగ్గం గుంతలకెల్లి మనిషి లేచినట్టు.
"ఉత్త వయసైతే గింత లేవదవ్వా. ఇది ఆస్తమా."
అరవై తొమ్మిదేండ్లకు
నా బీమారిని తొట్టెల్ల ఏసి పేరు వెట్టిన్రు.

పెద్దసారు మందులన్నీ చూపియ్యుమన్నడు.
బట్టలషాపు కవరు బల్లమీద కుమ్మరించిన.
బీపీ గోలీలు, మోకాళ్ల గోలీలు జరిపి
చిటికెనవేలంత సీసా పట్టుకున్నడు.
"ఇదెప్పటి సంది?"
నీటికాసులకు సారూ, కంట్ల చుక్క, పొద్దుమాపు.
ఆయన జరసేపు మాట్లాడలే.
కంట్ల వేసింది రొమ్ముదాక పోతదని
నాకెవలు చెప్పిన్రు?
బీమారి ముందే ఉన్నదట, చుక్క దాన్ని ఎగదోసిందట.
కంటిడాక్టరుకు చీటీ రాసిండు. చుక్క మారింది.

ఇగ పంపు.
నా బొటనవేలు వంకర. నొక్కితే పీల్చరాదు,
పీలిస్తే నొక్కరాదు, మందంతా నాలుక మీదనే.
సంహిత సొరకాయబుర్రంత డబ్బా తగిలించింది.
పక్కమగ్గం రాజవీరు చూసి లెక్క గట్టిండు:
నొక్కు, మెల్లగ గుంజు, పట్టు, ఇడువు,
తొక్కుడు, ఇసురుడు, గుద్దుడు లెక్కనే వదినా.
చివరికి నోరు పుక్కిలించుడు. అది మర్చిపోతె నాలుక మీద తెల్లబూజు.

"పంపు పట్టిన్రంటే ఇగ ఆఖరే"
అంటది ఎదురింటి నాంపెల్లవ్వ.
ఆమె మాటకు కాదు గని,
బాగనే ఉన్న గదా అని ఎనిమిది దినాలు బందువెట్టిన.
ఎనుమాముల మార్కెట్టు మిర్చి ఆటో
గల్లీల చెడిపోయి ఆగింది ఆ పొద్దే.
పిల్లులన్నీ తిరిగొచ్చినయి.

నిన్న మల్ల మూడుగొట్టంగ మెలకువ.
చెవొగ్గి విన్న. గొంతుల ఏం లేదు.
రేకుల మీద కూత.
నిజం పిల్లి, ఎవల పాలగిన్నె తన్నిందో.
లేచి తిట్టిన దాన్ని,
ఒక్క దమ్ముల, ఆగకుండ.