నలభై ఒకటో బ్యాచ్

లాంగ్టన్‌లో, ఒకప్పుడు సాసర్లు కాల్చిన షెడ్డులోనే
ఇప్పుడు మేం ముక్కులు చేస్తాం.
గోరంత అల్యూమినా పలక.
వీపున మెలికలు తిరిగిన ప్లాటినం గీత,
పొట్టమీద తగరపు ఆక్సైడు చుక్క.
ఎవరింటి బాయిలరో రాత్రిపూట విషం కక్కితే
నిద్రపోతున్నవాళ్ళ కంటే ముందు దీనికి తెలియాలి.

నాకు పని నేర్పింది బెరిల్ కోల్‌క్లా.
ముప్పై ఏళ్ళు టీ కప్పుల మీదికి
తడి కాగితం నుంచి గులాబీలు జార్చిన మణికట్టు.
"ఒకే ఊపు. మధ్యలో తటపటాయించావో
పేస్టుకి తెలిసిపోతుంది" అంటుంది.
స్క్రీను నాకు కొత్త కాదనుకున్నాను,
భీమవరంలో శుభలేఖలు అచ్చేసిన చెయ్యి కదా!
అక్కడ పెళ్ళికూతురి పేరు కాస్త అలుక్కుపోయినా
భోజనాలకి జనం వచ్చారు.
ఇక్కడ గీత వెంట్రుకవాసి సన్నబడితే
ఆ చోటే ఎర్రబడి, తెగి, ఊరుకుంటుంది.

అచ్చు వేసి పది నిమిషాలు కదపకూడదు.
జాలీ గుర్తులు వాటంతటవే సర్దుకోవాలి.
తర్వాత ఆరబెట్టడం, తర్వాత కొలిమి:
ఎనిమిదొందల యాభై డిగ్రీల సొరంగంలోకి
బెల్టు మీద నత్తనడకన పోతాయి పలకలు.
బయటికొచ్చాక కూడా వాటికి చల్లదనం రాసిపెట్టిలేదు.
కరెంటు పారి, ఒళ్ళు నాలుగొందల డిగ్రీలు కాగితే తప్ప
ఈ ముక్కుకి వాసన తెలీదు.

బెరిల్‌కి ఏ వాసనా తెలీదు.
రెండేళ్ళ కిందటి చలికాలపు జ్వరం పట్టుకుపోయింది.
పులిసిన పాలు టీలో పోసుకుని
విరుగు తేలాక నవ్వుతుంది.

నలభై ఒకటో బ్యాచ్‌లో గ్యాసు వదిలాం.
తెరమీద గీత లేవలేదు.
ఎనభై చిప్పులు, ఎనభై మొద్దు నిద్రలు.
టర్నాక్ పేస్టు మార్చాడు, జాలీ మార్చాడు,
కొలిమి థర్మోకపుల్ పీకి చూశాడు,
సప్లయరుకి ఫోన్‌లో గట్టిగా అరిచాడు.

నాకు సోమవారమే తెలుసు.
ప్రెస్సు దగ్గర లావెండర్.
మట్టి పీల్చేసిన ఆ పాత చేతుల పగుళ్ళకి
మనవరాలు కొనిచ్చిన కొత్త క్రీము.
అందులో సిలికోన్ ఉంటుందని, వేడి ఆక్సైడు తగిలితే
అది కంటికానని గాజుపొరై
ముక్కు మూసేస్తుందని శిక్షణలో రాసుకున్నదే.
నోట్‌బుక్ జేబులోనే ఉంది.
పెద్దావిడ, నాకు పని నేర్పినావిడ,
ఎలా చెప్పను? మొహమాటం.
మంగళవారం. బుధవారం.
పనిచేసే ముక్కు ఆ షెడ్డులో నాదొక్కటే,
దాని తీగె తెంపుకుని కూర్చున్నాను.

గురువారం టీ గంటలో చెప్పాను.
ఆమె రెండు అరచేతులూ ముఖం దాకా తెచ్చుకుని
పాత అలవాటు కొద్దీ గట్టిగా పీల్చింది.
ఆగింది.
"ఏం పువ్వు?"
లావెండర్.
"మా అమ్మ దుప్పట్ల బీరువా," అని లేచి వెళ్ళింది.
సింకులో నీళ్ళు చాలాసేపు పారాయి.

టర్నాక్ రిపోర్టులో రాసిన కారణం: కలుషితం.
పేరు అడగలేదు, మేం చెప్పలేదు.

ఇప్పుడు రోజూ గ్లౌజులు వేసుకునే ముందు
ఆ చేతులు నా ముందుకు చాస్తుంది.
వంగి చూస్తాను. సబ్బు, అంతే.
"ఏం లేదు" అంటే ప్రెస్సు దగ్గరికి పోతుంది.
మధ్యాహ్నం నా డబ్బా మూత తీయగానే
కుర్చీ జరుపుకుని వస్తుంది:
"ఇవాళ్టిది ఎలా ఉంటుందో చెప్పు."
నిన్న పచ్చి అల్లం చెప్పగలిగాను.
ఇంగువ దగ్గర ఆగిపోయాను,
ఇంకా వెతుకుతున్నాను.