వాలుగీత

దబీర్‌పురా నుంచి రెండు బస్సులు మారి వచ్చింది
రుఖియా బేగం.
ప్లాస్టిక్ కవర్లో ఇంటిపన్ను రసీదు,
మడతల దగ్గర చిరిగితే అన్నంమెతుకుతో అతికించింది.
"ఇల్లు కంప్యూటర్ల లేదంటున్నరు బేటా.
పొద్దున దాంట్లనే చాయ్ పెట్టుకొని తాగొచ్చిన."

ఇరవై రెండు గీత మూడు గీత ఐదొందల పద్దెనిమిది
వాలుగీత ఒకటి వాలుగీత ఏ.
ఉన్నదున్నట్టు కొట్టాను.
పద్నాలుగు వేల ఇళ్లొచ్చాయి,
ఆమెది తప్ప.

ఆ వెతుకుడు రాసింది నేనే.
అడ్డగీత కనబడితే వద్దని అర్థం చేసుకొమ్మని
నాలుగేళ్ల కింద ఒక శుక్రవారం సాయంత్రం
ఇంటికి పోయే తొందరలో నేర్పాను.
అది బుద్ధిగా నేర్చుకుంది.
ఇరవై రెండు కావాలి, మూడు వద్దు,
ఐదొందల పద్దెనిమిది అసలే వద్దు.
అడిగినామె ఇంటినొక్కదాన్నే పక్కకు నెట్టి
పాతబస్తీని తెచ్చి నా ముందు కుప్పపోసింది.

"ఈ గీతలు తీసేసి కొట్టనా అమ్మా?"

కీబోర్డు మీది నా చెయ్యి పట్టుకున్నంత పని చేసింది.
"తీస్తే ఎట్ల?
మొదటి గీత కమాన్ కాడ మలుపు.
రెండోది మా గల్లీ, ఆటో పట్టదు.
ఈ వాలింది, మా మామ పోయిన ఏడు
అన్నదమ్ములు వాకిట్ల లేపిన గోడ.
ఆ చివరిది, మా ఆయన పోయినంక
మరిది నాకిడిచిన మెట్లకింది అర్ర.
గీతలు తీస్తే నేనెవరింట్ల ఉన్నట్టు?"

తెర వైపు తిరిగాను.

చుక్క అంటే ఏదో ఒక అక్షరమని,
నక్షత్రమంటే ఎన్నైనా అని,
ప్రశ్నార్థకమంటే ఉన్నా లేకున్నా ఒకటేనని
దీనికి ఎన్ని నూరిపోశాం!
దుఃఖం అని కొడితే
నడుమ రెండు చుక్కలూ చెత్తని ఊడ్చేసి
అట్లాంటిదేం లేదు పొమ్మనేది.
క్యాంటీన్లో చెప్పుకుని నవ్వుకున్నాం కూడా.

మందు చిన్నదే.
ప్రతి గీతకు ముందు
వెనక్కి వాలిన గీతనొకదాన్ని నిలబెట్టాలి.
దానికి వచ్చింది ఒకే మాట:
నా వెనకున్నది ఆజ్ఞ కాదు, అక్షరం,
దాన్ని అట్లనే ఉండనీ.

నాలుగు గీతలకు నలుగురు కావలివాళ్లు.
కొట్టాను.
ఒక్కటే వరుస.
యజమాని పేరు దగ్గర ఇంకా మామే ఉన్నాడు.
బాకీ మూడు వేల నూట పదిహేడు.

రుఖియా బేగం అద్దాలు లేని కళ్లు చికిలించి
తెర మీది గీతల్ని వేలితో తాకుతూ పోయింది.
కమాన్. గల్లీ. గోడ.
మెట్లకింది అర్ర కాడ వేలు ఆగింది.
"బాకీ ఉంటే ఉండనీ. ఉన్న కదా" అంది.

రసీదు మళ్లీ అవే మడతల మీద మడిచి వెళ్లిపోయింది.
తెర మీద ఆమె వేలిముద్ర,
తుడవబోయి, సర్లే అనుకున్నాను.

వెనక నిలబడ్డాయన గొంతు సవరించుకుని
ఇంటి నంబరు చదవడం మొదలుపెట్టాడు.
అందులో బ్రాకెట్లున్నాయి.