కాకిబంగారం

ఎం.వి.పి. కాలనీ, సెక్టార్ ఆరు,
స్వీట్ షాపు మీద మూడో అంతస్తు.
పొద్దున్న ఆరింటికి ముప్పై మంది ఆడవాళ్లం
స్పానిష్ పాటకి నడుములు తిప్పుతాం.
కింద నుంచి కాగుతున్న నెయ్యి వాసన,
కిటికీలోంచి ఉప్పుగాలి.

ఎదురుగా అద్దం. అద్దం ముందు హిమజిత్.
"స్మైల్ మేడమ్, స్మైల్!" అంటాడు.
వాడి నవ్వు అందరికీ సమానంగా పంచే ప్రసాదం,
అయినా ఎవరి దొన్నెలో పడింది వాళ్లకే అనుకుంటాం.
నేనూ అనుకున్నాను. నాకు నలభై మూడేళ్లు.
కొత్త లెగ్గింగ్స్ కొన్నాను, అదీ చెప్పేస్తున్నా.

పాటలో ఒక మాట తిరిగి తిరిగి వస్తుంది.
పైడిరత్నం అది దేవుడి పేరంటుంది,
బ్యాంకు సుగుణ ఏదో పండు పేరంటుంది.
హిమజిత్‌ని అడిగితే
"ఫీలవ్వాలి మేడమ్, మీనింగ్ ఎందుకు?" అన్నాడు
జుట్టు సవరించుకుంటూ, అద్దంతో.

సాయంత్రం బీచ్ రోడ్డులో, సబ్‌మెరైన్ దగ్గర
నూకరాజు తాత మురీ మిక్చర్ బండి.
ముప్పై ఏళ్లు ఓడల్లో వంట చేసినవాడు,
ఏ రేవులో ఉల్లిపాయ చవకో ఇప్పటికీ చెప్పగలడు.
ఫోన్‌లో పాట పెట్టి చెవికి ఆనించాను.
తరగడం ఆపలేదు.
సగం విన్నాక మాత్రం ముక్కుతో నవ్వాడు.

"ఓ సోగ్గాడి మీద కట్టిన పాటమ్మా.
ఆడు గదిలోకొస్తే దీపాలెలిగినట్టుంటాదట.
మాట తేనంట, సొక్కా మల్లెపువ్వంట.
రెండోనాడు ఆడితో ఏటి మాటాడాలో తెలీదంట.
వాకిలి బాగుంది, లోపలికెళ్తే ఇల్లు నేదు,
మళ్లీ వీధే, అంటాది ఆ పిల్ల.
ఆ తిరిగొచ్చే మాటా?
కాకిబంగారం. అంతే.
కాకిబంగారం, కాకిబంగారం."

నిమ్మచెక్క పిండుతూ అన్నాడు:
"పాట కొత్తది. తిట్టు పాతదే.
వాల్పరైసో రేవులో ఓ గుంట నన్నూ ఇదే అంది.
అప్పుడు నా పళ్లు సూడాల్సింది నువ్వు."
ఇప్పుడు మూడున్నాయి. వాటితోనే నవ్వాడు.

దూరంగా లంగరేసిన ఓడలు
ఒక్కొక్కటే దీపాలు పెట్టుకుంటున్నాయి,
ఊరేగింపుకి ముస్తాబైనట్టు.
"దగ్గరికెళ్తే తుప్పే," అన్నాడు.
"ఆ తుప్పుతోనే సముద్రాలు దాటతాయి మరి.
ముప్పై రూపాయలమ్మా."

ఇంటికొచ్చి మా గేటుని గోరుతో గీకి చూశాను.
కిందటేడు వేయించిన నీలం రంగు
పొరలా లేచొచ్చింది.
చేతిలో పెట్టుకుని కాసేపు చూశాను. నీలం బాగానే ఉంది.

పొద్దున్న ఆరింటికి మళ్లీ అదే పాట.
కింద నెయ్యి కాగుతోంది.
ఆ మాట వచ్చిన చోట
కడుపులోంచి నవ్వొచ్చింది నాకు,
అడుగు తప్పేంత,
సుగుణ కాలు తొక్కేంత.
హిమజిత్ అద్దంలో నన్ను చూశాడు.
తనకోసమే అనుకున్నాడు.
గడ్డం కాస్త పైకెత్తి, బొటనవేలు చూపించాడు.

అదీ ఉంది పాటలో.
రెండో చరణం.