తూము లెక్క

ప్రమోషన్ ఇంటర్వ్యూలో అడిగారు,
"పన్నెండేళ్ళకి మూడు పేపర్లేనా?"
పక్క గది షంషాద్‌కి ముప్పై ఎనిమిది.
గోడ మీది ఫ్యాను కూడా నా వైపు తిరగలేదు.

పెన్నా వంతెన మీద స్కూటీ ఆపితే
నాయన గుర్తొచ్చాడు.
కాలవ లస్కరు వెంగయ్య,
సంతకం కన్నా ముందు తూము లెక్క నేర్చినవాడు.

"మనూరికి ఎనిమిది తూములమ్మా.
తూముకాడ నూటికి పాతిక కారిపోతా ఉంటే
చివరి కయ్యకి ఎన్నొస్తాయి, చెప్పు?"
"సున్నా కంటే తక్కువ" అన్నాను,
నాకు అప్పటికి తీసివేతలే వచ్చు.
నవ్వి, ఇసకలో పుల్లతో గీశాడు: పది.
"పాతిక గాకుండా పదే కారితే?"
నలభై మూడు.
"సూశావా, తూముకాడ తేడా బెత్తెడు.
చివర్న ఒకడికి కుప్ప, ఒకడికి ఊక."

నా నీళ్ళు ఎక్కడెక్కడ కారాయో ఇప్పుడు లెక్కేస్తున్నాను.
కరెంటు పోయిన రాత్రి ఫ్రిజ్‌లో కుళ్ళిన ఆకులు,
ఎలకలు కొట్టిన విత్తనపు సంచి,
పనికిరాదని తెలిసీ వదల్లేని వరస మీద
మూడు ఎడగార్లు,
రాసి, సిగ్గుపడి, సొరుగులో తోసిన కాగితాలు.
అసలు అడిగిన ప్రశ్నే వంకరేమో.

షంషాద్ సాయంత్రం టీ చల్లారేలోగా
ఆ రోజు లెక్క రాసేస్తుంది.
చచ్చిన మొక్కకి నీళ్ళు పొయ్యదు.
అసూయా? ఉంది, ఎందుకుండదు.

నాయన ఇంకో మాటా చెప్పాడు,
నీళ్ళు వదిలిన రాత్రి, గట్టు మీద బీడీ ముట్టించి.
"ఎండిన కాలవ ముందు తను తాగుద్ది.
మూణ్ణాళ్ళ నీళ్ళు ఎవురి కయ్యకీ రావు.
ఊళ్ళో వాళ్ళు దొంగతనం అంటారు.
తడిసినాకే గదా పరిగెత్తేది."

షంషాద్ కాలవ ఆమె వచ్చేసరికే తడిసుంది.
దశరథరామిరెడ్డి గారు ఇరవై రెండేళ్ళు
అగ్గితెగులు మచ్చలు లెక్కపెట్టి
ఒక్క రకమైనా విడుదల చెయ్యకుండా రిటైరయ్యాడు.
ఆయన నోటుబుక్కులు ఆమె బీరువాలో ఉన్నాయి,
అట్టలు ఊడి, చెమట మరకలతో.

నాది ఉప్పునేల వరి,
ముత్తుకూరు అవతల తెల్లగా పొరకట్టిన కయ్యలు.
అటు ఇంకా ఎవరి నీళ్ళూ ఇంకలేదు.

పొద్దుగూకే వేళ మస్తానమ్మ వచ్చి
కాళ్ళ బురద గుమ్మానికి రాస్తూ అంది,
"మేడమ్, పదిహేడో వరస కూడా మాడిపాయె."

పదిహేడు: సున్నా. తేదీ వేశాను.
గ్లాసు పట్టుకుంటే
టీ ఇంకా కాలుతోంది.