నోట్లె ఒక గింజ

కంట్రోలు దుకాణం ముంగట
మాకంటె ముందే సంచులు లైన్ల నిలబడ్డయి.
మా సంచి మీద సిమెంటు కంపెనీ బొమ్మ సగం చెరిగింది,
దూరంకెళ్లే గుర్తుపడత.

సారంగపాణి మిషన్ ముందుకు జరిపిండు.
బొటనవేలు పెట్టిన. రాలే.
కొంగుకు తుడిచి పెట్టిన. రాలే.
నోటి ఆవిరి పట్టి మల్ల పెట్టిన.
ఎనుమాముల యార్డుల ఆరేండ్ల సంది
మిరపకాయ తొడిమెలు తీసిన వేలు అది.
గీతలన్నీ ఆ ఎర్ర కుప్పలల్లనే ఎక్కడ్నో రాలిపోయినయి.
"కన్ను పెట్టమ్మా" అన్నడు.
పొద్దున్నుంచి మండి మండి నీళ్లు కారుతున్న కన్ను,
దాన్ని మాత్రం గుర్తుపట్టింది మిషను.
నలుగురు మనుషులు, ఇరవై నాలుగు కిలోలు.

సంచిల పోయకముందే
గుప్పెడు తీసి అరచేతిల పరిచిన.
నూక చూసిన. పురుగు చూసిన.
ముక్కుకాడికి తెచ్చి వాసన చూసిన.
ఒక గింజ నోట్లేసుకొని ముందర పండ్లతోని కొరికిన.
టక్కుమన్నది.
పచ్చి బియ్యమైతె మెత్తగ నలుగుతయి, అన్నం ముద్దయితది.
ఇవి టక్కుమన్నయి.

వెనుక ఎవలో నవ్విండ్రు.
"పైసలు పెట్టి కొనేటోళ్లు గూడ గింత ఏరరు,
ఉత్తగ వచ్చేదానికి పరీచ్చ సూడు."

నేను తిరిగి జవాబియ్యలే.
నోట్లె గింజ ఉన్నది గద.

ఉత్తగనా?
పర్వతగిరి కాడ మోకాటి లోతు బురదల
ఎన్ని నాట్లేసిన్నో నా నడుముకు ఎరుక.
ఒక్క గుంట మాది కాదు.
వడ్లు కాంటా అయినంక లారీ ఎటు పోయిందో సూడలే.
ఊర్లు తిరిగి, మిల్లుల ఒళ్లు రాపిచ్చుకొని,
తెల్లబడి నా సంచి కాడికొచ్చినయేమో.
శానా దినాలకు ఇంటికొచ్చిన బిడ్డను
చిక్కిందా అని ఒళ్లంత తడిమి చూడమా?

నిరుటి దాక దొడ్డు బియ్యం.
వండితె వాసన, తింటె కడుపుబ్బరం,
హన్సిక పళ్లెం పక్కకు నూకేది.
సందులకు ఆటో పిలగాడొచ్చి
కిలోకు పన్నెండు లెక్కన ఎత్తుకపోయేది.
ఆ పైసలకు ఇంకిన్ని కలిపి
కిరాణం కొట్ల పది కిలోలు సన్నయి తెస్తే
ఇరవయ్యో తారీకుకే డబ్బా అడుగు కనపడేది.
ఆ సాయంత్రం గూడ వచ్చిండు పిలగాడు, హారను కొట్టుకుంట.
"అక్కా, ఇరవై ఇస్త."
"పో బిడ్డా, మేము తింటున్నం."

ఆ మాట అన్నంక నాకే గమ్మత్తనిపించింది.
మేము తింటున్నం.

తెల్లారి లక్ష్మీపురం మార్కెట్టుకు పోయిన.
ఎప్పుడైతె చీకటి పడ్డంకనే పోదు,
వాడినయి కుప్పకింత అని తెద్దు.
ఇప్పుడు పొద్దుగాల్నే పోయిన.
మంచు తడి ఆరని పుంటికూర,
గోరుతోని గిచ్చితె నీరొచ్చే బీరకాయ,
డజను గుడ్లు, ఒక్కొక్కటి కొట్లె బుగ్గకు అడ్డం పెట్టి చూసి.
కందిపప్పు కాడ ఆగిన.
ధర విన్న.
కిలో అనబోయి అర్ధకిలో అన్న.
గది మాత్రం కంట్రోల్ల ఇస్తలేరు.
ఇస్తె దాన్ని గూడ కొరికి చూద్దును.

రాత్రి మొగిలి కాళ్లు కడుక్కొని వచ్చి కూసున్నడు,
బస్తాలు మోసిన మెడ ఇంకా వంగే ఉన్నది.
గిన్నె మూత తీసిండు.
పొడుగ్గ, ఒకదానికొకటి అంటకుంట అన్నం.
"ఎవలన్న సుట్టాలొచ్చిండ్రానే?"
తలుపు దిక్కు చూసిండు, అర్ర దిక్కు చూసిండు.
అత్తమ్మ పండ్లు లేని నోరు కొంగుతోని మూసుకున్నది.
"నువ్వే సుట్టానివి నాయినా, కూసో"
అన్నది హన్సిక, గుడ్డు పొట్టు తీసుకుంట.

నేను ఆఖర్న తిన్న.
పుంటికూర పప్పు కలిపి ముద్ద చేస్తుంటె
వేళ్లు సుర్రుమన్నయి, మిరప ఇంకా పోలే.
వచ్చే నెల మల్ల బొటనవేలు పెడత.
పట్టకపోతె పట్టకపాయె,
గుప్పెడు మాత్రం తీస్త.