చెమ్మ

కాలవ కట్టేసి ఇరవై రోజులు.
లాకు తలుపు ఒడ్డున బోర్లా పడుకుంది,
పక్కటెముకల్లో ఎండిన గుర్రపుడెక్క.
ఏసుపాదం మేస్త్రీ బందు పట్టీ అతికాడు,
అతుకంతా చేప పొలుసుల వరస.
"ఇంకేటండీ, పాసని రాసెయ్యండి."
నేను గ్లిజరిన్ సీసా మూత తియ్యలేదు.
నలభై ఎనిమిది గంటలాగాలి, అన్నాను.
పదిహేనో తారీకు నీళ్ళొదుల్తారు, అన్నాడు.
ఇద్దరం నిజమే చెప్పాం.

ఇక్కడ చెమ్మ లేనిదేది?
ఉప్పు డబ్బాలో, అగ్గిపెట్టెలో,
హాజరు పుస్తకం అట్టలో,
మొన్న కరెంటు పోయిన మూడు గంటల్లో
ఓవెన్లో చల్లారిపోయిన రాడ్ల పూతలో.

ఆర్కు వెలిగితే ఆ కాస్త నీరూ విడిపోతుంది.
ఉదజని.
నీటికి పుట్టిందని పేరులోనే ఉంది,
మా లంకల పిల్లే.
అన్నిటికన్నా చిన్నది, చోటడగదు,
కరిగిన ఇనుములో దూరిపోతుంది.
ఉక్కు చల్లబడి తలుపులేసుకున్నాక
పరమాణువుల వరసల మధ్య
ఊడ్చిన చేలో ఎండ్రకాయలా నడుస్తుంది
గట్టు ఎక్కడ బిగువుగా ఉందో అక్కడికి.
బరువు పెరగదు. రంగు మారదు.
వంగాల్సిన ఉక్కు వంగడం మరిచిపోతుంది,
అంతే.

"తుప్పయితే పెచ్చులూడి చెబుద్ది," అన్నాడు మేస్త్రీ,
"ఇదేటండీ, మాటా పలుకూ లేకుండా!"

రెండో రాత్రి లస్కరు గది అరుగు మీద పడుకున్నాం.
దోమలు. దూరంగా రొయ్యల చెరువుల్లో ఏరేటర్ల హోరు.
టిక్.
ఎవరో ఒక్క మెటిక విరిచినట్టు.
ఏసుపాదం లేచి కూర్చున్నాడు.
లైటు వెయ్యలేదు.
"బల్లి," అన్నాడు కాసేపటికి.
ఆఁ, బల్లే, అన్నాను.

తెల్లారాక ప్రోబు పెడితే
తెర మీద ఒక గీత లేచి నిలబడింది.
అతుకులో కాదు, దాని పక్కన,
మూడంగుళాల పొడుగు, వెంట్రుక మందం.

అతను ఎవర్నీ తిట్టలేదు.
గ్రైండరు తీసి పొలుసులన్నీ గీకేశాడు.
రాడ్లు మళ్ళీ ఓవెన్లో పేర్చాడు,
జనరేటరుకి డీజిలు తెమ్మని కుర్రాణ్ణి తోలాడు.
కొత్త అతుకు పడ్డాక మంట ఆపలేదు,
బాలింత నడుముకి కాపడం పెట్టినట్టు
పట్టీని పొద్దంతా వెచ్చబెడుతూ కూర్చున్నాడు.
"పోయేదాన్ని పోనివ్వాలండి. మెల్లిగా."

పదిహేనో తారీకు ఏఈ గారి ఫోను మూడుసార్లు మోగింది.
నాలుగోసారికి వానొచ్చింది.
నేనూ, మేస్త్రీ, లస్కరూ, కుర్రాడూ
టార్పాలిన్ కొసలు తలొకటి పట్టుకుని నిలబడ్డాం,
లోపల్నుంచి ఒక్కొక్కటే బయటికొస్తున్నవాటికి
గొడుగు పట్టినట్టు.