తాడు ఈ చివర

కోవళం దాటాక, తెల్లారి అయిదున్నరకి,
ప్రొడక్షన్ వ్యాన్‌లో ఇడ్లీ పొట్లాలు ఇంకా విప్పకముందే
పైడితల్లి ఇసకలో కూర్చుని అలల్ని లెక్కపెడుతుంది.
నాలుగు చిన్నవి, ఒకటి పెద్దది,
తర్వాత కాసేపు సముద్రం
ఏదో చెప్పబోయి మరిచిపోయినట్టు ఆగుతుంది.
"ఆ మరుపులోనే దూకాలి మామా" అంటుంది.
నేను తాడు పట్టుకునేవాణ్ణి.
సీరియల్ చివర పేర్లలో నా పేరుండదు. తనదీ ఉండదు.

హీరోయిన్ గొడుగు కింద తుమ్ముతోంది.
మంచి పిల్లే, రోజూ తన టీలో సగం పైడికి పోస్తుంది.
ఇద్దరికీ ఒకటే పసుపు చొక్కా, ఒకటే జడ.
పైడి మెడ మీది పుట్టుమచ్చకి మాత్రం
రోజూ పొద్దున్నే రంగు పూస్తారు.

దూకడమంటే ఎగరడం అనుకుంటారు టీవీ ముందు కూర్చున్నవాళ్లు.
కాదు, వదిలెయ్యడం.
మడమలు అన్నిటికన్నా ఆఖర్న వదలాలి.
గడ్డం గుండెకి ఆనాలి.
నీళ్లు చెంపదెబ్బ కొట్టేలోపు
వేళ్లకొసలతో ఒక చిన్న తలుపు తెరిచి
ఒళ్లంతా ఆ సందులోంచే దూరిపోవాలి.
మరపడవ కొయ్య మీంచి పొట్ట ఆనేలా పడ్డావో
సముద్రం కూడా సిమెంటే.
నా రెండు పక్కటెముకల్ని అడగండి.

ఊపిరి సంగతి వేరు.
పీల్చడం గొప్ప కాదు, ఖర్చుపెట్టడం తెలియాలి.
కాశిమేడులో రొయ్యల బుట్ట ముందు వాళ్లమ్మ
నెలాఖరు రూపాయిని వేళ్ల మధ్య తిప్పితిప్పి
ఎలా బయటికి తీసేదో, అలా.
మొదటి నిమిషం ఎవడైనా దాస్తాడు.
రెండో నిమిషంలో డొక్కలు ఎగురుతాయి,
గొంతు దగ్గర ఎవరో దబదబా బాదుతారు.
"ఇంట్లో ఎవరూ లేరు, రేపు రండి" అనాలట,
అప్పులవాడికి చెప్పినట్టు.

ఇవాళ్టి షాట్: మునిగిపోవడం.
చేతులు ఇలా ఊపాలమ్మా, కేకలెయ్యాలి,
నీళ్లు ఇంతెత్తు లేవాలి, అని డైరెక్టరు చూపించాడు.
పైడి తలూపింది.

పడింది. తేలింది.
అరవలేదు.
నోరు నీటి అంచు మీద తెరుచుకుని, మూసుకుని, తెరుచుకుని.
చేతులు రెండు పక్కలా
కనపడని నిచ్చెన మెట్లని అదుముతున్నట్టు.
కళ్ల మీద జుట్టు పడినా తోసుకోలేదు.
కెమెరా పడవలో ఎవరో ఆవలించారు.
నా వేళ్లు తాడు మీద చల్లబడిపోయాయి.
ఇది తనెక్కడ చూసిందో నాకు తెలుసు.
పన్నెండేళ్ల కిందట, ఎన్నూరు రాళ్ల దగ్గర,
తమ్ముడు సింహాద్రి,
క్రికెట్ ఆడుతున్న పదిమందికి ఇరవై గజాల దూరంలో,
ఇలాగే, ఇంత నిశ్శబ్దంగా.
వాడు వేషాలేస్తున్నాడనుకుంది.
నవ్వింది కూడా.

లాగేశాను.
సైగ రాలేదు. అయినా లాగేశాను.
"తాడెవడయ్యా!" అని మైకు అరిచింది.
"ఏమీ కనిపించట్లేదమ్మా, స్నానం చేస్తున్నట్టుంది.
కొంచెం యాక్షన్ కావాలి."

రెండో టేక్‌లో చేతులు ఊపింది, గావుకేకలు పెట్టింది,
సగం బంగాళాఖాతాన్ని తీసి కెమెరా మీద చల్లింది.
ఒకటే చప్పట్లు.
నేను తాడు వదులుగా పట్టుకుని
అరటిపండు తిన్నాను.

సాయంత్రం ఈసీఆర్ మీద బస్సులో
కిటికీకి తల ఆనించి అడిగింది:
"మొదటి టేకు ఎన్ని సెకన్లు మామా?"
చేతికి గడియారం ఉంది. రోజూ చూసేది అదే.
"చూళ్లేదు" అన్నాను.
ఇంకేమీ అడగలేదు.
తిరువాన్మియూర్ మలుపులో
తన కుడిచెవిలోంచి పొద్దుటి నీళ్లు
వెచ్చగా చొక్కా మీదికి కారాయి.
ఎడమచెవి ఇంకా దిబ్బడ వేసే ఉన్నట్టుంది,
కండక్టరు చిల్లర కోసం
మూడుసార్లు అడగాల్సి వచ్చింది.